బొట్టు పెట్టి అమ్మిన డ్రిల్లు

నంద్యాలలో ఒక పనిముట్ల అంగడి కౌంటరు వెనక నా మంచి వయసంతా గడిచిపోయింది. ఇప్పుడు అదే పనిలో కొత్తగా చేరినవాళ్లు నన్ను పట్టుకుని, "అన్నా, బ్యాటరీ డ్రిల్లుల్లో ఏది మంచిది? కొనేవాళ్లకు ఏం చెప్పాల?" అని అడుగుతుంటారు. పెట్టె మీద అచ్చేసిన అంకెలు చదివి వినిపిస్తే చాలని వాళ్ల ఓనర్లు చెప్పారట. అంకెలు చదవడానికైతే అక్కడ మనిషెందుకు? ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, నాకు ఎవరు సన్మానం చేశారు అన్నవి ఇందులో ఉండవు. పెరిగిందీ పెద్దగా లేదు, చేసిందీ లేదు.

నా పేరు ఏసురత్నం. మాది గోస్పాడు దగ్గర ఒక పల్లె. మా నాయన సేద్యం పనులకు పోయేవాడు, మా అమ్మ మిషన్ బడిలో ఆయా. పదో తరగతి అయ్యాక టీచరు ట్రైనింగుకు పంపాలని వాళ్లకు ఉండేది గానీ, సీటు రాలేదు, నేను నంద్యాలలో ఆ పనిముట్ల అంగట్లో శెట్టి దగ్గర చేరాను. నేను చెప్పబోయేది చాలావరకు డెబ్భైలు, ఎనభైల నాటి సంగతి. పనిముట్లు మారాయి, అమ్మేవాళ్ల బుద్ధి మాత్రం అప్పుడెట్లుందో ఇప్పుడూ అట్లే ఉంది.

తీగ లేని పనిముట్టు కొత్తది కాదు

తీగ లేని డ్రిల్లంటే నిన్నమొన్న పుట్టిందని ఇప్పటివాళ్లు అనుకుంటారు. డెబ్భైలలో మేము ఎక్కువగా అమ్మింది తీగ లేనిదే. చేత్తో తిప్పే డ్రిల్లు. ఒక పక్క పట్టుకునే పిడి, ఇంకో పక్క తిప్పే పళ్ల చక్రం, ముందు రంధ్రం చేసే బిట్టును పట్టి ఉంచే చక్. నంద్యాల దాటితే పగటి పూట కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఆళ్లగడ్డ, కొలిమిగుండ్ల వైపు వడ్రంగులు కరెంటు డ్రిల్లు మొహం చూసేవాళ్లు కాదు. భుజంలో సత్తువ ఉన్నన్నాళ్లు చేతి డ్రిల్లు తిప్పేవాళ్లు, ఆ తర్వాత దాన్ని కొడుక్కి ఇచ్చేవాళ్లు.

దాన్ని ఎంచుకోవడమే ఒక విద్య. మెరుపు చూసి కొంటే మోసపోవడమే. ముందు చక్‌ను పూర్తిగా బిగించి లోపలికి చూడాలి. మూడు దవడలూ ఒక్కచోట కలవాలి, లేకపోతే సన్న బిట్టు నిలవదు. తర్వాత ఆ చక్‌నే వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. కొంచెం కదిలినా రంధ్రం గుండ్రంగా పడదు, స్క్రూ పట్టు దొరకదు. ఆ తర్వాత ఖాళీగా తిప్పి చప్పుడు వినాలి. ఒకే తీరుగా వస్తే మంచిది, మధ్యలో ఒకచోట గొణిగితే ఆ పన్ను ఏడాదిలో పోతుంది. ఇవన్నీ చూసేవాళ్లు కూడా మరిచిపోయేది ఇంకొకటుంది. దాన్ని తలపైకి ఎత్తి పట్టుకుని, చెయ్యి నొప్పి పుట్టేదాకా నిలబడి చూడాలి. ద్వారబంధాల పని, కిటికీల పని సగం తలపైనే ఉంటుంది. కౌంటరు మీద పెట్టి చూస్తే అన్నీ తేలికే.

ఇప్పుడు వచ్చే బ్యాటరీ డ్రిల్లును కూడా నేను ఇట్లాగే చూస్తాను. కొనడానికి వచ్చినవాణ్ని మీరు ఇట్లా చూడనిస్తున్నారా, లేక పెట్టె విప్పకుండానే చేతిలో పెట్టి పంపిస్తున్నారా?

శెట్టి నేర్పిన మంచీ చెడూ

పై సంగతులన్నీ నాకు నేర్పింది మా శెట్టే. ఆ మాట దాచను. మనిషికి పనిముట్టు మీద నిజమైన ప్రేమ ఉండేది. ఒకసారి బేతంచెర్ల నుంచి ఒకతను వచ్చి, అంగట్లో ఉన్న వాటిలోకెల్లా పెద్ద కరెంటు డ్రిల్లు కావాలని పట్టుబట్టాడు.

"పని నేల మీదనా, నిచ్చెన మీదనా?" అని అడిగాడు శెట్టి.

"నిచ్చెన మీదే శెట్టీ. రేకుల షెడ్డు."

"అట్లయితే చిన్నదే తీసుకోప్పా. పెద్దది పట్టుకుని ఆ పైనుంచి పడితివంటే, యాడ కొన్నాడు అని అడుగుతారు జనం. నా అంగడి పేరు చెప్తారు."

అతను నవ్వి చిన్నదే తీసుకుపోయాడు. ఎక్కువ లాభం వచ్చేదాన్ని వదులుకుని పనికొచ్చేదాన్ని అమ్మిన శెట్టిని చూసి, నేను మంచి చోటికే వచ్చానని అనుకున్నాను. కొన్నేళ్లు అట్లాగే అనుకున్నాను కూడా.

చెడు ఒక కుంకుమ డబ్బీలో ఉండేది. దసరా నాడు పనిముట్లకు పూజ చేయడం మా వైపు అందరూ చేసేదే. హిందువులే కాదు, రంపం పట్టిన ప్రతివాడూ ఆ రోజు దాన్ని కడిగి బొట్టు పెడతాడు. పూజ చేసిన పనిముట్టును ఎవరూ అంగడికి తిరిగి ఇవ్వరు. ఇవ్వకూడదని ఎవరూ రాసిపెట్టలేదు, కానీ ఇవ్వరు. ఇంట్లోకి వచ్చిన కోడలిని తిరిగి పంపించినట్టు సిగ్గుపడతారు.

శెట్టి ఆ దసరా పూజను ఏడాది పొడుగునా అంగట్లోకి తెచ్చిపెట్టాడు. గల్లాపెట్టె పక్కన పసుపు కుంకుమల డబ్బీ ఉండేది. బేరం కుదరగానే తానే లేచి పనిముట్టుకు బొట్టు పెట్టి, దేవుడి పటం ముందర తిప్పి, రెండు చేతులా అందించేవాడు. కొన్నవాడు కళ్లకద్దుకుని పోయేవాడు. ఎంత భక్తి, ఎంత మర్యాద అనుకున్నాను నేను. తర్వాత ఒకరోజు ఒక పెద్దాయన దవడ విరిగిన చక్‌తో వచ్చి మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. మార్చి ఇవ్వమని అడగడానికి నోరు రాలేదు. రిపేరుకు ఎంత అవుతుందని అడిగాడు. కొని రెండు రోజులు కూడా కాలేదు. శెట్టి ఏమాత్రం తడుముకోకుండా రిపేరు కూలి చెప్పాడు. ఆ రోజు నాకు ఆ డబ్బీ ఎందుకుందో అర్థమైంది. దేవుణ్ని కూడా కౌంటరు వెనక కూర్చోబెట్టి పని చేయించుకున్నాడు మా శెట్టి.

మామిడి పలక

ఎనభైలు ముగిసే రోజుల్లో మద్రాసు నుంచి ఒక పార్శిలు వచ్చింది. అందులో ఫారిన్ బ్యాటరీ డ్రిల్లులు. పిస్తోలు ఆకారం, పిడి లోపల బ్యాటరీ, విడిగా చార్జరు. అంత చిన్నది అంత పని చేయడం నేను మొదటిసారి చూశాను. నాకూ ముచ్చటేసింది, కాదనను.

శెట్టి దాన్ని చూపించడానికి కౌంటరు మీద మందంగా ఒక మామిడి పలక పెట్టాడు. అప్పుడే చార్జింగు చేసిన బ్యాటరీ, అప్పుడే పెట్టె విప్పిన బిట్టు. నొక్కితే చాలు, జర్రున దిగిపోయేది. చూడ్డానికి వచ్చినవాళ్ల నోళ్లు తెరుచుకునేవి. మా వైపు తలుపులకు, కిటికీలకు వాడేది వేప, టేకు. మెత్తటి మామిడిని పెట్టెలు కొట్టడానికి వాడతాం. ఆ సంగతి శెట్టికి నాకంటే బాగా తెలుసు.

అట్లా నోరు తెరిచి చూసినవాళ్లలో దస్తగిరి ఒకడు. ఆళ్లగడ్డ వడ్రంగి. ఒక మేస్త్రీ కింద ఏళ్ల తరబడి కూలికి చేశాడు. పనితనం ఉంది, మాట నిలుపుకుంటాడు, నోట్లో నాలుక లేని మనిషి. కొలిమిగుండ్ల అవతల ఒక పల్లెలో మా చర్చి సంఘం వాళ్లు కొత్త మందిరం కడుతుంటే, కిటికీలు తలుపుల పని దస్తగిరికి ఇవ్వమని సంఘపెద్ద దేవదానానికి నేనే చెప్పాను. దేవదానం నా భార్య తరఫు చుట్టం, నా మాట మీద ఒప్పుకున్నాడు. దస్తగిరికి సొంతంగా దొరికిన మొదటి పని అది. ప్రతిష్ఠ నాటికి ముగిస్తే అతను మేస్త్రీ అవుతాడు. ముగించకపోతే మళ్లీ పాత మేస్త్రీ కిందికి పోవాలి. రెండో అవకాశం ఇచ్చేవాళ్లు మా వైపు తక్కువ.

"తీగే లేదు గదన్నా! యాడ్నించి వస్తాంది దీనికి సత్తువ?" అన్నాడు దస్తగిరి, డ్రిల్లును అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"కరెంటు ఆఫీసోళ్లతో నీకింగ పనే లేదప్పా," అన్నాడు శెట్టి. "పొలంలో పెట్టుకో, కొండ మీద పెట్టుకో. పని బేగా అయిపోతాది. మేస్త్రీ అయితాండావు, మేస్త్రీ చేతిలో ఉండాల్సిన సామాను ఇది."

"అంత దుడ్లు లేవు శెట్టీ. కలపకే అంతా పోయింది."

"నీ చేతి డ్రిల్లు ఇచ్చెయ్. దాని ఖరీదు తగ్గిస్తా. మిగిలింది పని అయినాక ఇద్దువులే."

ఆ చేతి డ్రిల్లు దస్తగిరి వాళ్ల నాయనది. పాత కాలపు ఉక్కు. పిడి కొయ్య అతని అరచేతి ఆకారానికి అరిగిపోయి ఉండేది. శెట్టి కన్ను ఎప్పటినుంచో దాని మీద ఉంది. అట్లాంటివి కొత్తవి రావడం లేదని అతనికి తెలుసు.

నేను దస్తగిరిని టీ తాగుదాం రమ్మని బయటికి తీసుకుపోయి చెప్పాను. "ఒకటే బ్యాటరీ ఇస్తాండాడు. అది అయిపోతే ఏం చేస్తావు? ఆ మందిరానికి ఇంకా కరెంటు లాగలేదు. కొంటే కొను, చేతి డ్రిల్లు మాత్రం ఇయ్యొద్దు."

"నువ్వు చెప్పేది నిజమేన్నా. ఇంగ ఎన్నాళ్లు తిప్పాలన్నా చెయ్యి? నిద్రపోతే భుజం పీకుతాది. అన్నం కలుపుకునేదానికి లేస్తాలేదు." కుడి భుజం ఎత్తబోయి సగంలో ఆపేశాడు. "ఈ ఒక్క పని గట్టెక్కనీ. ఇంగోటి కొంటా."

ఆ భుజాన్ని చూశాక నేనే టీ డబ్బులిచ్చి అతన్ని మళ్లీ అంగట్లోకి తీసుకొచ్చాను. శెట్టి చేతి డ్రిల్లు తీసుకుని, కొత్తదానికి బొట్టు పెట్టి రెండు చేతులా ఇచ్చాడు. దస్తగిరి కళ్లకద్దుకున్నాడు.

నీళ్లు పోసి చేసిన చార్జింగు

ప్రతిష్ఠ దగ్గరపడుతుంటే ఒక ఆదివారం నేను ఆ పల్లెకు పోయాను. గోడలకు సున్నం కొట్టారు, పైకప్పు పడింది, కిటికీలు మాత్రం గోడలకు ఆనించి వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కదానికీ రెక్కలు బిగించలేదు.

దేవదానం నన్ను చూడగానే అందుకున్నాడు. "ఏందప్పా ఏసురత్నం, నువ్వు చెప్పినావని పని ఇస్తిమి. చెట్లకు పోసినట్ల బ్యాటరీకి నీళ్లు పోస్తాండాడు మీ మేస్త్రీ. పోయి చూడుపో."

ఆయన ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. మందిరం వెనక పొలంలో మోటారు షెడ్డు ఉంది. దస్తగిరి అక్కడ బిందెతో నిలబడి ఉన్నాడు.

మా పల్లెల్లో మోటారు షెడ్డు దగ్గర బల్బు వెలిగించుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. స్టార్టరు నుంచి ఒక తీగ లాగుతారు. రెండో తీగకు మేకు కట్టి తడి నేలలో దిగ్గొడతారు. బల్బు వెలుగుతుంది. ప్రాణాంతకమని తెలిసీ అందరూ చేస్తారు, నేనూ చూస్తూ పెరిగాను. దస్తగిరి చార్జరును కూడా అట్లాగే పెట్టాడు. మోటారు ఆడి కాలువ పారుతున్నంతసేపు చార్జరు మీది ఎర్రదీపం బాగా వెలిగేది. ఆ ఎండలకు, మోటారు ఆపిన కాసేపటికే మేకు చుట్టూ నేల ఎండిపోతుంది. దీపం మినుకుమినుకుమంటుంది. అతను బిందెడు నీళ్లు తెచ్చి పోస్తాడు. మళ్లీ వెలుగుతుంది.

"దీపం వెలుగుతాంటే ఎక్కుతాంది అనుకుంటినన్నా," అన్నాడు. "పొద్దంతా పోస్తే నాలుగు బొక్కలు పడతాండాయి వేపకు. ఆమీట తిరగకుండా నిలబడిపోతాంది."

డ్రిల్లు పిడి పట్టుకుంటే చెయ్యి కాలింది. అరకొరగా ఎక్కించి, గట్టి వేపలో పూర్తిగా పిండేసి, వేడి తగ్గకముందే మళ్లీ చార్జింగుకు పెట్టడంతో బ్యాటరీ లోపల చచ్చిపోయింది. ఆ పద్ధతిలో ఎవరు చేసినా అదే జరుగుతుంది. శెట్టి అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అతను కరెంటుతో పనే లేదన్నాడు.

"ఎవరి దగ్గరన్నా చేతి డ్రిల్లు అడగలేకపోతివా?" అన్నాను.

"అడిగినా. ఎవరి పనిముట్టు వాళ్లకు అన్నం పెట్టేది, ఎట్లిస్తారన్నా? మా పాత మేస్త్రీని గూడా అడిగినా." బిందెను కింద పెట్టాడు. "ఇస్తా అన్నాడు. పనిని తన పేరు మీదికి మార్చి, నన్ను కూలికి రమ్మన్నాడు."

నంద్యాలకు పోయి శెట్టితో మాట్లాడతానని, రెండు రోజులు ఆగమని దేవదానాన్ని బతిమాలాను. "ప్రతిష్ఠకు పాస్టరు అయ్యగార్లు వస్తాండారు. కిటికీలు లేని మందిరంలో నిలబెట్టమంటావా వాళ్లను?" అన్నాడాయన. ఆయన తప్పేం లేదు. మర్నాడే పాత మేస్త్రీ ముగ్గురు మనుషులతో, మూడు చేతి డ్రిల్లులతో దిగాడు. కిటికీలన్నీ దస్తగిరి కొలిచి, కోసి, చిత్రిక పట్టినవే. బిగించింది వాళ్లు. దస్తగిరి ఆ పనిలోనే కూలికి నిలబడి వాళ్లకు రెక్కలు అందించాడు. ప్రతిష్ఠ రోజు శాలువా కప్పింది పాత మేస్త్రీకి. దస్తగిరి ఆ సభకు రాలేదు. నేను వెళ్లాను, చప్పట్లు కొట్టడానికి నాకు చేతులు లేవలేదు.

వాపసు

ఆ తర్వాత దస్తగిరి అంగడికి వచ్చాడు. డ్రిల్లును గుడ్డలో చుట్టి తెచ్చాడు. పిడి గీతల్లో కుంకుమ ఇంకా ఉంది.

శెట్టి చూడగానే మొదలుపెట్టాడు. "బొట్టు పెట్టి ఇచ్చినాం గదప్పా. పూజ చేసిన సామాను యాడన్నా వాపసు తీసుకుంటారా? అరిష్టం, నీకూ నాకూ."

"వాపసు తీసుకోమని రాలేదు శెట్టీ. ఇది నీ దగ్గరే పెట్టుకో, బాకీ కూలి చేసి కడతా. మా నాయన డ్రిల్లు నాకియ్యి."

ఆ డ్రిల్లు కౌంటరు వెనక మేకుకు వేలాడుతోంది. నూనె పట్టించి, పిడికి వార్నీషు కొట్టి, కొత్త ధర చీటీ కట్టాడు శెట్టి. ఆ ధర దస్తగిరికి తగ్గించినదానికంటే చాలా ఎక్కువ.

"అదేముండాది, కొనుక్కుపో," అన్నాడు శెట్టి. "చచ్చిన మిషను పెట్టుకుని నేనేం చేసుకోవాల?"

నాకు ఒళ్లు మండింది. "నా జీతంలో పట్టుకోండి, ఇచ్చేయండి," అన్నాను. శెట్టి వెంటనే సరేనన్నాడు. అతనికి ఎవరిచ్చినా ఒకటే. మేకు మీంచి డ్రిల్లు తీసి, అలవాటుగా కుంకుమ డబ్బీ మూత తెరిచి వేలు ముంచాడు.

దస్తగిరి ఆ వేలిని చూశాడు, నన్ను చూశాడు. "వద్దులేన్నా. మా నాయనదానికి ఈన బొట్టు పెట్టి ఇస్తాంటే నేను తీసుకోలేను." చచ్చిన మిషనును గుడ్డలో మళ్లీ చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. వారం తిరక్కముందే ఆ చేతి డ్రిల్లు బేతంచెర్లకు అమ్ముడుపోయింది, బొట్టుతో సహా.

ఆ తర్వాత కూడా అతను ఆళ్లగడ్డలో కనిపిస్తే, "బాగుండావా అన్నా?" అని తనే ముందు పలకరించేవాడు. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది. చివరిదాకా అతను కూలి వడ్రంగిగానే ఉన్నాడు, ఆ భుజంతోనే.

కొత్తవాళ్లకు

బ్యాటరీ డ్రిల్లు చెడ్డదని నేను చెప్పడం లేదు. ఆ భుజానికి కావలసింది అదే. సరైన మనిషికి అవసరమైన వస్తువును అబద్ధం చెప్పి అమ్మడం నా కంటికి నకిలీ సరుకు అమ్మడం కంటే పెద్ద పాపం. కాబట్టి కొనేవాణ్ని ముందు, దీన్ని యాడ చార్జింగు పెడతావని అడగండి. రెండో బ్యాటరీ లేకుండా పని ఒప్పుకోవద్దని చెప్పండి. ఆ బ్యాటరీ ఇంకో రెండేళ్లకు దొరుకుతుందో లేదో మీకు తెలియకపోతే తెలియదని చెప్పండి. అతని కలప ముక్క, అతని బిట్టు తెచ్చుకోమని, మీ పలక మీద కాకుండా దాని మీద చూపించండి. కొత్తది నమ్మకం కుదిరేదాకా పాతది ఇవ్వొద్దని చెప్పండి. పాతది ఇస్తే ధర తగ్గుతుందని ఒప్పుకుని, పనిని పోగొట్టుకున్నవాణ్ని నేను చూశాను.

దస్తగిరి వెళ్లిపోయాక నేను కొనేవాళ్లందరికీ మెల్లగా ఒక మాట చెప్పడం మొదలుపెట్టాను. "బొట్టు ఇంట్లో పెట్టుకుందువులేప్పా. ముందు పది దినాలు పని చేయించు." శెట్టి చెవిన పడింది. నన్ను కౌంటరు నుంచి తీసి వెనక గోడౌనులో మేకులు తూచే పనికి వేశాడు. పని మానేసి ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే ఉండిపోయాను. మనుషులతో మాట్లాడే పనికే పుట్టినవాణ్ని ఇనుముతో మాట్లాడుకుంటూ ముసలివాణ్నయ్యాను. ఆ కసి నాకు ఇప్పటికీ పోలేదు.

నేను పని మానేసే నాటికి శెట్టి లేడు, అతని కొడుకు కూర్చునేవాడు. చివరి రోజు నన్ను కౌంటరు దగ్గరికి పిలిచి, కొత్త బ్యాటరీ డ్రిల్లు ఒకటి పెట్టెలోంచి తీసి, అదే డబ్బీలోంచి బొట్టు పెట్టి, రెండు చేతులా ఇచ్చాడు. పాత ఉద్యోగికి బహుమానం. నేను అందుకున్నాను. అలవాటుగా చక్‌ను ఊపి చూశాను, కొంచెం ఆడుతోంది. తలపైకి ఎత్తి చూశాను. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, ఆ కుంకుమను పూర్తిగా తుడిచి, డ్రిల్లును కౌంటరు మీద పెట్టాను.

"ఇది వాపసు తీసుకోప్పా," అన్నాను.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "అదేందీ... బొట్టు పెట్టినాక ఎట్ల తీసుకోవాల?"

"మీ నాయన తీసుకోలేదు. నువ్వన్నా తీసుకో."

అతను చెయ్యి చాపలేదు. డ్రిల్లు కౌంటరు మీదే ఉంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.